తంబుర వినిపించాలంటే



కర్ణాటక సంగీత కచేరీలో అందరికంటే ముందు మోగేదీ, అందరికంటే చివర ఆగేదీ తంబుర. బ్రిడ్జి మీద తీగ కిందికి చిన్న నూలుపోగు జరిపి, అది సరైన చోట కుదిరేదాకా ఓపిగ్గా సవరిస్తారు. కుదిరాక ఒక్క తీగ మీటితే చాలు, అందులోంచి అనుస్వరాలు ఒకదాని వెంట ఒకటి పైకి లేస్తాయి. పాడేవారి శ్రుతి నిలబడేది వాటి మీదే. అదే కచేరీ రికార్డింగును ఫోను స్పీకరులో పెట్టి వినండి. గాత్రం వినిపిస్తుంది. వయొలిన్ వినిపిస్తుంది. మృదంగంలో కుడిచేతి దెబ్బలు టకటకా వినిపిస్తాయి. ఎడమవైపు తొప్పి మాత్రం మాయమైపోతుంది. తంబుర ఉందో లేదో చెప్పలేం.

ఫోనులోంచి మంచి సంగీతం రాబట్టడం గురించీ, అందుకోసం ఫోనుకు బయటినుంచి తగిలించే చిన్న పరికరాల గురించీ ఈ పూట మాట్లాడుకుందాం. డాంగిల్ అంటారు, డ్యాక్ అంటారు, హెడ్‌ఫోన్ యాంప్ అంటారు. వందల్లో దొరికేవీ ఉన్నాయి, లక్ష దాటినవీ ఉన్నాయి. వీటిని తూచడానికి నేను వాడే కొలత ఒకటే: పాట వెనక తంబుర వినిపిస్తోందా? పరికరం కొన్నాక కూడా ఆ జవాబు మారలేదంటే, ఆ డబ్బు వేరేచోట పెట్టాల్సింది.

ముందుగా, అసలు బయటి పరికరం అవసరం ఎందుకొచ్చిందో చూద్దాం. ఇయర్‌ఫోను పిన్ను గుచ్చే గుండ్రటి జాక్ చాలా పాతది. టెలిఫోను ఎక్స్ఛేంజీల్లో ఆపరేటర్లు ఒక లైనును ఇంకో లైనుకు కలపడానికి 19వ శతాబ్దంలో వాడిన లావుపాటి ప్లగ్గు దానికి పూర్వరూపం. దాన్నే చిన్నది చేసి ట్రాన్సిస్టర్ రేడియోలకు పెట్టారు. 1979లో వాక్‌మన్ వచ్చాక 3.5 మిల్లీమీటర్ల జాక్ ప్రపంచమంతా పాకింది. 2016లో ఐఫోన్ 7 నుంచి ఆపిల్ దాన్ని తీసేసింది. తర్వాత ఖరీదైన ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావరకు అదే దారి పట్టాయి. జాక్‌తో పాటు దాని వెనక ఉన్న రెండు భాగాలు కూడా మనకు అందకుండా పోయాయి. అంకెలను శబ్ద తరంగానికి సరిపడే విద్యుత్తుగా మార్చే డ్యాక్ ఒకటి, ఆ విద్యుత్తుకు బలమిచ్చే యాంప్లిఫయర్ ఇంకొకటి. ఈ రెండింటినీ వేలెడంత పెట్టెలో పెట్టి, ఒక కొసన టైప్-సి, ఇంకో కొసన ఇయర్‌ఫోను జాక్ ఇస్తే అదే డాంగిల్.

డ్యాక్ చేసే పని గురించి ఒక పెద్ద అపోహ ఉంది, దాన్ని కాస్త వివరంగా చెప్పాలి. 1982లో వచ్చిన కాంపాక్ట్ డిస్కులో పాటను సెకనుకు 44,100 సార్లు కొలిచి దాచుతారు. ఒక్కో కొలతకు 65,536 మెట్లలో ఏదో ఒక విలువ ఇస్తారు. ఇది విని చాలామంది ‘అయితే మధ్యలో ఉన్న శబ్దం పోయినట్టే కదా, మనం వినేది ముక్కలు ముక్కలైన పాటే కదా’ అనుకుంటారు. కాదు. ముంగిట్లో చుక్కల ముగ్గు వేసేటప్పుడు ముందు చుక్కలు పెట్టి, తర్వాత వాటి మీదుగా ఒక్క తిప్పులో గీత లాగుతారు కదా, సీడీలో ఉన్నవి ఆ చుక్కలు. గీత లాగే చెయ్యి డ్యాక్. మనం వినేది గీతను, చుక్కలను కాదు. మన చెవికి అందే హద్దు దాదాపు 20,000 హెర్ట్జ్. ఆ హద్దు లోపలి నాదాలకు సెకనుకు 40,000 పైచిలుకు చుక్కలుంటే, వాటి గుండా పోగలిగిన గీత ఒక్కటే ఉంటుంది, రెండోది ఉండదు. దీన్ని క్లాడ్ షానన్ 1949లో అచ్చయిన వ్యాసంలో గణితంతో నిరూపించాడు. కాబట్టి సీడీ స్థాయి రికార్డింగులో మధ్యలో ఏదీ జారిపోలేదు. డ్యాక్ ఆ గీతను వణకకుండా లాగితే చాలు.

వణకకుండా లాగే డ్యాక్ ఈరోజుల్లో చవగ్గానే దొరుకుతుంది. అమ్మేవాళ్లు ఈ మాట పైకి చెప్పరు. దాదాపు వెయ్యి రూపాయలకు దొరికే ఆపిల్ వారి టైప్-సి అడాప్టర్‌లో కూడా డ్యాక్, యాంప్ రెండూ ఉన్నాయి. కొలతల్లో అది తెచ్చే రొద, వంకర చాలా తక్కువ. మామూలు ఇయర్‌ఫోన్లకు అది నిక్షేపంగా సరిపోతుంది. ఒక్క చిక్కుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకు తగిలిస్తే అది పూర్తి బలం ఇవ్వదు, ఫోనులో వాల్యూమ్ ఎంత పెంచినా శబ్దం సగంలోనే ఆగిపోతుంది. ఆండ్రాయిడ్ వాడేవారు వేరే డాంగిల్ చూసుకోవడం మేలు.

కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. బజార్లో ఒకేలా కనిపించే అడాప్టర్లలో రెండు రకాలున్నాయి. ఒకదానిలో చిప్పు ఉంటుంది. రెండోదానిలో తీగలు మాత్రమే ఉంటాయి. కొన్ని ఫోన్లు తమ లోపలి డ్యాక్ నుంచే టైప్-సి ద్వారా శబ్దాన్ని బయటికి పంపేవి, తీగల రకం వాటికోసం చేసింది. మిగతా ఫోన్లకు తగిలిస్తే ఉలుకూ పలుకూ ఉండదు. షాపులో ‘ఇందులో డ్యాక్ ఉందా’ అని అడగండి. డబ్బా మీద ఎన్ని బిట్లు, ఎన్ని కిలోహెర్ట్జ్ అని రాసి ఉంటే చిప్పు ఉన్నట్టే. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఓటీజీని ఆన్ చేస్తేగాని డాంగిల్‌ను గుర్తించవు. ‘పాడైందేమో’ అని వెనక్కి ఇచ్చేముందు అది చూడండి.

మరి డాంగిల్‌కు ఎక్కువ డబ్బు ఎప్పుడు పెట్టాలి? హెడ్‌ఫోను బలం అడిగినప్పుడు. లెక్క సులువు. వోల్టేజిని వోల్టేజితో గుణించి, హెడ్‌ఫోను ఇంపెడెన్స్‌తో, అంటే అది కరెంటుకు చూపే అడ్డంకితో, భాగించండి. 1 వోల్టు ఇచ్చే డాంగిల్‌కు 32 ఓముల ఇయర్‌ఫోను పెడితే 31 మిల్లీవాట్లు వస్తాయి. చెవిలో పెట్టుకునేవాటికి అది ఎక్కువే. అదే డాంగిల్‌కు సెన్‌హైజర్ హెచ్‌డి 600 లాంటి 300 ఓముల హెడ్‌ఫోను పెడితే వచ్చేది 3 మిల్లీవాట్ల పైచిలుకు. పాట వినిపిస్తుంది గాని, తనియావర్తనంలో మృదంగం ఒక్కసారిగా విజృంభించే చోట ఊపు చాలదు. అలాంటి హెడ్‌ఫోనుకు 2 వోల్టులు, ఆపైన ఇచ్చే డాంగిల్ కావాలి. వోల్టేజి రెట్టింపయితే శక్తి నాలుగింతలవుతుంది. కాస్త పెద్ద డాంగిళ్లలో 4.4 మిల్లీమీటర్ల బ్యాలన్స్‌డ్ జాక్ కూడా ఉంటుంది. దాని అసలు ప్రయోజనం ఎక్కువ వోల్టేజి. చిన్న ఇయర్‌ఫోన్లు వాడేవారికి దానితో పని లేదు.

ఇయర్‌ఫోను చాలా సున్నితమైనదైతే కష్టం రెండోవైపు నుంచి వస్తుంది. బలమైన యాంప్‌కు తగిలించినప్పుడు పాట మొదలవకముందే సన్నగా ‘స్‌స్‌’ మనే రొద వినిపించవచ్చు. తంబుర దాగిపోయేది ఆ రొదలోనే. అందుకే బలం ఎక్కువైతే మంచిదే కదా అనుకోకూడదు. యాంప్ సొంత ఇంపెడెన్స్ కూడా చూడాలి. అది ఇయర్‌ఫోను ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకూడదన్నది చాలామంది పాటించే సూత్రం. 16 ఓముల ఇయర్‌ఫోనుకు 2 ఓముల లోపు ఉండాలన్నమాట. శబ్దం పుట్టించే డ్రైవర్లు ఒకటికి మించి ఉన్న ఇయర్‌ఫోన్ల ఇంపెడెన్స్ స్వరాన్ని బట్టి మారుతుంటుంది కాబట్టి, ఈ సూత్రం తప్పితే వాటి స్వభావమే మారిపోతుంది.

ఇంతవరకు పరికరం. ఇక డబ్బుతో పనిలేనివి చెబుతాను. నిజానికి పాట బాగుపడేది ఎక్కువగా ఇక్కడే.

మీరు పాటలు వినే యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆడియో క్వాలిటీ ఎక్కడుందో చూడండి. డేటా పొదుపు కోసం అది కింది మెట్టులో ఉండవచ్చు. దాన్ని పైకి మార్చండి. తక్కువ బిట్‌రేట్‌లో కుదించిన పాటలో మొదట చెడేవి దెబ్బలు. ఘటం మీద, కంజీర మీద పడే దెబ్బకు ముందే పొగలాంటి మసక శబ్దం ఒకటి చేరుతుంది. వీణలో నష్టం ఇంకా ఎక్కువ. వీణ వాదకులు ఒక్క మీటు మీటి, ఆ నాదం తగ్గిపోతుండగానే తీగను పక్కకు లాగి రెండు మూడు గమకాలు పలికిస్తారు. ఈమని శంకరశాస్త్రి వీణలో రాగమంతా ఆ తగ్గిపోయే నాదంలోనే ఉంటుంది. అంత సన్నటి చోటును ‘ఇది ఎవరికీ వినిపించదులే’ అని పారేసేదే తక్కువ బిట్‌రేట్. 320 కిలోబిట్ల దగ్గర ఈ నష్టం పసిగట్టడం బాగా అలవాటుపడిన చెవికీ కష్టమే. ఏదీ పారేయకుండా కుదించే ఫ్లాక్ లాంటి ఫైళ్లు దొరికితే ఇంకా మంచిది. ఆపిల్ మ్యూజిక్ 2021 నుంచి అదనపు రుసుము లేకుండా లాస్‌లెస్ ఇస్తోంది. 5 నిమిషాల పాట 320 కిలోబిట్లలో 12 మెగాబైట్లు, ఫ్లాక్‌లో సుమారు 30. ఇంట్లో వైఫై ఉన్నప్పుడు దించుకుని పెట్టుకోవచ్చు.

96 కిలోహెర్ట్జ్, 192 కిలోహెర్ట్జ్ అంటూ హై-రెస్ పేరుతో వచ్చేవాటి సంగతి? అమెరికాలో బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరన్ అనే ఇద్దరు 2007లో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో ఒక పరీక్ష ఫలితాలు అచ్చువేశారు. హై-రెస్ డిస్కును నేరుగా ఒకసారి, సీడీ స్థాయికి దించి ఒకసారి వినిపించి ఏది ఏదో చెప్పమన్నారు. 554 సార్లలో సరిగ్గా చెప్పింది 276 సార్లు. నాణెం ఎగరేసి చెప్పినా దాదాపు అంతే వస్తుంది. 2016లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన జాషువా రీస్ 18 పరిశోధనలను కలిపి చూస్తే 52.3 శాతం వచ్చింది. తేడా ఉందని గణాంకాలు అంటున్నాయి, కానీ అది ఎంత సన్ననిదో కూడా అవే చెబుతున్నాయి. 1957 నాటి ‘మాయాబజార్’ పాటను 192 కిలోహెర్ట్జ్ ఫైలులో పెట్టినా ఆనాటి మోనో శబ్దపథంలో లేనిది కొత్తగా పుట్టదు.

దానికంటే ఆ పాట ఏ ప్రతినుంచి వచ్చిందన్నది వెయ్యి రెట్లు ముఖ్యం. 2010లో ‘మాయాబజార్’ రంగుల్లో విడుదలైనప్పుడు మోనో శబ్దాన్ని డీటీఎస్‌కి మార్చారు. ఇలా ఒకే పాటకు సినిమా శబ్దం, గ్రామఫోను రికార్డు శబ్దం, తర్వాత శుభ్రం చేసిన శబ్దం అని రకరకాల ప్రతులు తిరుగుతుంటాయి. గీరుడు శబ్దం తీసేయాలన్న తొందరలో ఘంటసాల గొంతులోని మెరుపును కూడా గీకేసిన ప్రతులు నాకు నిజంగా బాధ కలిగిస్తాయి. ఆ గీరుడు ఉన్నా నేను భరిస్తాను, గొంతు ఉండాలి. యాప్‌లో ఒకే పాట పేరుతో నాలుగు కనిపిస్తే నాలుగూ ఒక్కో నిమిషం విని ఎంచుకోండి. ఘంటసాల 1974లో కన్నుమూశాక విడుదలైన ఆయన భగవద్గీతను మనం గుడి మైకుల్లో వినీ వినీ, అదే దాని అసలు శబ్దం అనుకుంటున్నాం. మంచి ప్రతి వెతికి, మంచి ఇయర్‌ఫోనులో ఒక్కసారి వినండి. శ్లోకానికీ తాత్పర్యానికీ మధ్య ఆయన గొంతు ఎలా దిగుతుందో తెలుస్తుంది.

మంచి ఇయర్‌ఫోను అన్నాను గదా, శబ్దాన్ని అన్నింటికంటే ఎక్కువగా మార్చేది అదే. రెండు మంచి డ్యాకుల మధ్య తేడా పట్టుకోవడానికి చెవులు రిక్కించాలి. రెండు ఇయర్‌ఫోన్ల మధ్య తేడా వంటింట్లో ఉన్నవారికి కూడా తెలుస్తుంది. మీ దగ్గర అయిదు వేలుంటే నాలుగు వేలు ఇయర్‌ఫోనుకు, వెయ్యి డాంగిల్‌కు పెట్టమంటాను. చెవిలో దూర్చే రకమైతే రబ్బరు టిప్పులు మూడు సైజుల్లో ఇస్తారు, చాలామంది మొదటిదే తగిలించి మిగతావి డబ్బాలోనే వదిలేస్తారు. చెవి రంధ్రం సరిగ్గా మూసుకోకపోతే కింది స్వరాలు సందులోంచి జారిపోతాయి. మొదట్లో ఫోను స్పీకరులో మాయమైన తొప్పి శబ్దం, ఇయర్‌ఫోనులో పోయేది ఇక్కడే. కుడిచెవికి ఒక సైజు, ఎడమచెవికి ఇంకో సైజు కుదిరేవారూ ఉంటారు.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు వాడేవారు డ్యాక్ కొనాలా అని అడుగుతుంటారు. అక్కర్లేదు. వాటిలోపల వాటికే సొంత డ్యాక్, సొంత యాంప్ ఉంటాయి. ఫోనుకు తగిలించిన పరికరం గుండా ఆ శబ్దం పోనే పోదు. బ్లూటూత్‌లో పాటను కుదించి పంపడానికి సోనీ తెచ్చిన ఎల్‌డాక్ అనే పద్ధతి 990 కిలోబిట్ల వరకు పంపగలదు, ఆండ్రాయిడ్‌లో 2017 నుంచి ఉంది. ఇయర్‌ఫోను కూడా దాన్ని అర్థం చేసుకోగలిగితేనే పని చేస్తుంది. ఐఫోన్‌లో అది లేదు.

ఫోను లోపలి సాఫ్ట్‌వేర్ గురించి కొంచెం. ఆండ్రాయిడ్‌లో పాట, నోటిఫికేషన్ శబ్దం, అలారం అన్నీ ఒకచోట కలిసి సాధారణంగా 48,000 చుక్కల లెక్కకు మారి బయటికి వస్తాయి. సీడీ పాటలోని 44,100 చుక్కలను మళ్లీ లెక్కగట్టాల్సి వస్తుంది. దీన్ని తప్పించడానికి యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో లాంటి యాప్‌లు డ్యాక్‌తో నేరుగా మాట్లాడతాయి. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 కూడా, యాప్ అడిగితే, మార్పు లేకుండా పంపే దారి ఇచ్చింది. ఈ లెక్కల మార్పు వల్ల వచ్చే నష్టం కొత్త ఫోన్లలో చాలా చిన్నది. ఫోను తయారీదారు వేసి పంపిన ఈక్వలైజర్, సరౌండ్ ఎఫెక్టులు చేసే నష్టం పెద్దది. పాత మోనో పాటలను అవి మరీ పాడుచేస్తాయి. ముందు వాటిని ఆపండి.

రెండు పరికరాలు పోల్చి చూసేటప్పుడు వాటి శబ్దం సమానంగా ఉండాలి. కొంచెం బిగ్గరగా మోగిందాన్ని మన చెవి ‘ఇదే బాగుంది’ అనేస్తుంది. షాపుల్లో చాలా అమ్మకాలు దీనివల్లే జరుగుతాయి. మీకు కంఠతా వచ్చిన పాటనే పెట్టండి. వాల్యూమ్ సమానం చేసి, ఏది మోగుతోందో మీకు చెప్పకుండా ఇంట్లో ఇంకొకరిని మార్చమనండి. తంబుర ఎందులో ఆనుతోందో అప్పుడు చెప్పండి.

బలమైన యాంప్ వచ్చాక చెవులకు ప్రమాదమూ పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ గంటలు సగమవుతాయి. పిల్లలకు హద్దు 75. కొత్త డాంగిల్ తగిలించినప్పుడల్లా ముందు వాల్యూమ్ బాగా తగ్గించి, తర్వాత చెవిలో పెట్టుకోండి. కొన్ని ఫోన్లలో డాంగిల్ మార్చగానే వాల్యూమ్ పైకి దూకుతుంది.

చివరగా, ఇంట్లో పాత స్టీరియో సెట్టు ఉన్నవారికోసం. ఆ స్పీకర్లు మీ ఫోనుకంటే మంచి శబ్దం ఇవ్వగలవు, పారేయకండి. డాంగిల్ జాక్ నుంచి రెండు రంగుల పిన్నులున్న ఆర్‌సీఏ కేబులు తీసుకుని యాంప్లిఫయర్ వెనక ఆక్స్ అనో, లైన్ ఇన్ అనో, సీడీ అనో రాసిన చోట గుచ్చండి. ఫోనో అని రాసినచోట వద్దు. అది గ్రామఫోను సూది నుంచి వచ్చే అతి బలహీనమైన శబ్దాన్ని పెంచడానికి పెట్టినది, డాంగిల్ శబ్దాన్ని భరించలేదు. సీడీ ప్లేయర్లు ఇచ్చేది సుమారు 2 వోల్టులు కాబట్టి, డాంగిల్ వాల్యూమ్ బాగా పైన పెట్టి, గది శబ్దాన్ని యాంప్లిఫయర్ తిప్పుడు బొత్తంతో సర్దుకోండి.

గుయ్‌మని ఆగని హమ్ వస్తే ఫోను ఛార్జరు తీసి చూడండి. ఛార్జరుకూ యాంప్లిఫయర్‌కూ మధ్య ఎర్త్ తేడా ఉంటే ఆ శబ్దం వస్తుంది. ఛార్జరు తీయగానే ఆగిపోతే తప్పు డ్యాక్‌ది కాదు. రేడియో పక్కన ఫోను పెట్టినప్పుడు కాల్ వచ్చేముందు డర్‌ర్‌మనడం మీరంతా వినే ఉంటారు. 2జీ ఫోను సెకనుకు 217 సార్లు సంకేతం పంపడం వల్ల పుట్టే శబ్దం అది. సన్నటి డాంగిల్ తీగలోకి కూడా అలాంటిదే చొరబడవచ్చు. దించుకున్న పాటలు వినేటప్పుడు ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెడితే ఆ రొదతో పాటు మధ్యలో వచ్చే కాల్స్ బెడదా ఉండదు. కల్యాణి ఆలాపన సగంలో ఉండగా రింగ్‌టోన్ మోగకుండా ఉండటానికైనా ఆ పని చేయండి.